కరీబియన్ దీవిలో డాక్టర్ చదువు: సీమ తల్లిదండ్రులు అడ్వాన్స్ కట్టకముందు వేసుకోవాల్సిన లెక్క

నీట్ ఫలితాలు వచ్చిన రెండు మూడు వారాలకు బైపీసీ పిల్లలున్న ఇళ్లకు కన్సల్టెన్సీల ఫోన్లు మొదలవుతాయి. ముందు మార్కులు అడుగుతారు, తర్వాత నాన్న ఏం చేస్తారో అడుగుతారు. నంద్యాల పక్కన కేసీ కెనాల్ కింద మడి ఉందనో, మేనమామ అమెరికాలో స్థిరపడ్డాడనో తెలిస్తే మాట తీరు మారిపోతుంది. "మీ పాపకు కిర్గిజ్‌స్థాన్ ఎందుకు సార్, కరీబియన్ చూడండి. ఏడాదిన్నర దీవిలో ఉంటుంది, ఆ తర్వాత అంతా అమెరికా ఆస్పత్రుల్లోనే" అంటారు.

నేను కర్నూలులో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఏటా ఆ సీజన్‌లో బ్రోచర్లు పట్టుకొచ్చే తల్లిదండ్రులతో కూర్చుని లెక్కలు వేయడం అలవాటైపోయింది. ఎక్కువమంది అడిగేది ఒక్కటే: "మంచి కాలేజేనా సార్?" కాలేజీ మంచిదే కావచ్చు. ఆ డిగ్రీ మీ పిల్లకు ఏ దేశంలో చెల్లుతుందన్నది ముందు చూడాలి. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఇండియా పాస్‌పోర్టు ఉండి, ఎప్పటికైనా ఇక్కడే ప్రాక్టీస్ పెట్టాలన్న ఆలోచన ఏ మూలన ఉన్నా ఈ దీవి కాలేజీల జోలికి పోవద్దు. అమెరికా పౌరసత్వం ఉన్న పిల్లల లెక్క వేరు. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సినవి

కాలేజీ పేర్లు చూసే ముందు ఇంట్లో కూర్చుని నాలుగు విషయాలు మాట్లాడుకోండి. పిల్ల ఏ దేశంలో డాక్టర్‌గా పని చేయాలనుకుంటోంది? చేతిలో ఉన్నది ఏ దేశపు పాస్‌పోర్టు? మొదటి ఏడాది ఫీజు కాకుండా, చివరి రోజు వరకూ అయ్యే మొత్తం ఖర్చు ఎంత, అది ఎక్కడి నుంచి వస్తుంది? మధ్యలో చదువు ఆగిపోతే చేతిలో ఏం మిగులుతుంది?

నాలుగో ప్రశ్న ఎవరూ అడగరు, అపశకునం అనుకుంటారు. 2022లో యుద్ధం మొదలయ్యాక ఉక్రెయిన్ నుంచి పెట్టెలు సర్దుకుని వచ్చిన పిల్లల ఇళ్లలో అడిగితే ఆ ప్రశ్న విలువ తెలుస్తుంది.

దీవి కాలేజీ అంటే ఏమిటి

కరీబియన్‌లో రెండు రకాల మెడికల్ కాలేజీలు ఉన్నాయి. ఒకటి ఆ దేశాలు తమ ప్రజల కోసం నడుపుకునేవి. యూనివర్సిటీ ఆఫ్ ది వెస్టిండీస్ అలాంటిది. జమైకాలో 1948లో మొదలైంది, అక్కడి డాక్టర్లలో చాలామంది అక్కడ చదివినవాళ్లే. కన్సల్టెన్సీలు దాని ఊసెత్తవు.

రెండోది ఆఫ్‌షోర్ రకం. అమెరికాలో మెడికల్ సీటు రాని అమెరికన్ పిల్లల కోసం పుట్టిన ప్రైవేటు కాలేజీలు ఇవి. గ్రెనడాలోని సెయింట్ జార్జెస్ 1970ల్లో మొదలైంది. రాస్, అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ ది కరీబియన్ 1978లో వచ్చాయి. సేబా 1990ల్లో వచ్చింది. చదువు పద్ధతి అన్నిచోట్లా దాదాపు ఒకటే: నాలుగైదు సెమిస్టర్ల బేసిక్ సైన్సెస్ దీవిలో, మిగిలిన రెండేళ్ల క్లినికల్ రొటేషన్లు, అంటే ఒక్కో విభాగంలో వంతులవారీగా రోగుల దగ్గర శిక్షణ, అమెరికా ఆస్పత్రుల్లో. చివర ఇచ్చేది ఎండీ. అది మన ఎంబీబీఎస్‌కు సమానమైన మొదటి డిగ్రీ, ఇక్కడి పీజీ ఎండీ కాదు. పెళ్లిచూపుల దాకా ఈ పొరపాటు సాగిన ఇళ్లు ఉన్నాయి, అందుకే చెబుతున్నా. అమెరికా పద్ధతిలో ఎండీకి ముందు డిగ్రీ ఉండాలి కాబట్టి, ఇంటర్‌తో వెళ్లే మన పిల్లలను ముందు ప్రీమెడ్‌లో చేర్చుకుంటారు. ఆ కాలం, ఆ ఫీజు అదనం.

క్లినికల్‌కు అమెరికా ఎందుకు పంపుతారు? కన్సల్టెన్సీలో దీన్నే పెద్ద వరంలా చెబుతారు. అసలు కారణం మామూలుదే, దీవిలో రోగులు చాలరు. గ్రెనడా దేశం మొత్తం జనాభా మన ఆదోని పట్టణమంత కూడా ఉండదు. బార్బడోస్ జనం కర్నూలు నగరం కన్నా తక్కువ. సేబా దీవిలో ఉండేది రెండు వేల మంది చిల్లర, మన మండలాల్లో ఒక చిన్న ఊరు. అన్ని వందల మంది విద్యార్థులకు కాన్పులు, ఆపరేషన్లు, ఎమర్జెన్సీ కేసులు చూపించాలంటే అక్కడ కుదరదు. అందుకే అమెరికా ఆస్పత్రులకు డబ్బు కట్టి స్థానాలు కొనుక్కుంటారు. సెయింట్ జార్జెస్ 2007లో న్యూయార్క్ నగర ప్రభుత్వ ఆస్పత్రులతో పదేళ్లకు 10 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. మీ ఫీజులో ఒక వాటా అటు పోతుంది.

కర్నూలు పెద్దాసుపత్రి ఓపీ దగ్గర ఒక సోమవారం పొద్దున అరగంట నిలబడితే ఈ తేడా చెప్పకుండానే తెలుస్తుంది. ఆదోని, ఆలూరు, పత్తికొండ నుంచి, తుంగభద్ర దాటి గద్వాల వైపు నుంచి కూడా జనం వస్తారు. అక్కడి హౌస్‌సర్జన్ ఒక నెలలో చూసే కేసులకు ఏ బ్రోచరూ సాటి రాదు.

దీవులకు ఇంకో ఇబ్బంది ఉంది, ప్రకృతి. మోంట్‌సెరాట్‌లో 1995లో అగ్నిపర్వతం లేస్తే అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ ది కరీబియన్ సింట్ మార్టెన్‌కు మారింది. 2017లో ఇర్మా తుపాను వచ్చినప్పుడు ఆ విద్యార్థులను కొన్నాళ్లు ఇంగ్లండ్ పంపారు. అదే ఏడు మరియా తుపాను డొమినికాను తుడిచేస్తే రాస్ ఒక సెమిస్టర్‌ను ఓడలో నడిపింది, తర్వాత బార్బడోస్‌కు మకాం మార్చింది. చదువు ఆగనివ్వలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ వేల మైళ్ల దూరంలో పిల్లను పెట్టుకుని, టీవీలో తుపాను బొమ్మ చూస్తూ కూర్చునే టెన్షన్ ప్రొద్దుటూరులో ఉన్న తల్లికి ఉంటుంది కదా.

ఇండియాకు తిరిగొస్తే: అసలు చిక్కు ఇక్కడే

నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ) 2021 నవంబరు 18న విదేశీ వైద్య పట్టభద్రుల లైసెన్సు నిబంధనలు తెచ్చింది. ఆ తేదీ తర్వాత విదేశంలో చేరిన ప్రతి ఒక్కరికీ అవి వర్తిస్తాయి. ఏ కన్సల్టెన్సీకి వెళ్లినా ఈ నిబంధనల కాపీ ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి.

కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. ఆ తర్వాత అదే విదేశీ సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. బోధన ఇంగ్లీషులో జరగాలి. డిగ్రీ ఇచ్చిన దేశంలో, అక్కడి పౌరులకు ఇచ్చే స్థాయిలోనే ప్రాక్టీస్ లైసెన్సుకు అర్హత రావాలి. చేరిన రోజు నుంచి పదేళ్లలో అన్నీ పూర్తవ్వాలి. ఇండియా వచ్చాక స్క్రీనింగ్ పరీక్ష (ఇప్పుడు ఎఫ్‌ఎంజీఈ), ఆపై ఇక్కడ మరో 12 నెలల ఇంటర్న్‌షిప్.

వీటన్నిటి మధ్య ఒక నియమం దీవి కాలేజీని మొదట్లోనే ఆపేస్తుంది. చదువు, శిక్షణ, ఇంటర్న్‌షిప్ మొత్తం ఒకే విదేశీ సంస్థలో జరగాలి. అందులో ఏ భాగాన్నీ ఇండియాలో గానీ, డిగ్రీ ఇచ్చే దేశం కాని వేరే దేశంలో గానీ చేయకూడదు. డిగ్రీ ఇచ్చేది గ్రెనడా, రెండేళ్ల క్లినికల్ న్యూయార్క్, న్యూజెర్సీ ఆస్పత్రుల్లో. నియమం సరిగ్గా దీన్నే కాదంటోంది. అంటే "అంతా అమెరికా ఆస్పత్రుల్లోనే" అని ఏ మాటతో సీటు అమ్ముతున్నారో, ఆ మాటే ఇండియా తలుపు మూసేస్తోంది.

దీనికి కన్సల్టెన్సీల దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: "రూల్స్ మారతాయి సార్, మీ పాప చదువు అయ్యేలోపు ఎన్ని మారవు!" మారొచ్చు. ఈ చదువుకు అయ్యే రెండు కోట్లను ఆ మాట మీద పెట్టే ధైర్యం నాకైతే లేదు.

ఇదే నియమం వల్ల ఇంకో రకం ఆఫరూ చెల్లదు. "మొదటి ఏడాది రెండేళ్లు ఇక్కడే బెంగళూరులోనో హైదరాబాదులోనో చదివి, తర్వాత దీవికి వెళ్లొచ్చు" అనేది. మెడికల్ కోర్సులో కొంత ఇండియాలో చదివితే అదీ ఉల్లంఘనే.

చవక కాలేజీల సంగతి వేరు. గయానా, బెలీజ్, చిన్న దీవుల పేర్లతో 30, 40 లక్షల్లో అయిపోతుందని చెప్పే కాలేజీలు ఉన్నాయి. అమెరికా రొటేషన్లు లేకుండా మొత్తం అక్కడే చెబుతాం, కాబట్టి ఇండియా నియమాలకు సరిపోతాం అంటారు. మాటవరసకు బాగానే ఉంటుంది. చూడాల్సింది ఆస్పత్రి. ఎన్ని పడకలు, ఏ ఏ విభాగాలు, ఇంటర్న్‌షిప్ ఎవరు చేయిస్తారు, అక్కడ చదివిన విదేశీయులకు ఆ దేశం నిజంగా లైసెన్సు ఇస్తోందా. ఎండీ నాలుగేళ్లయితే 48 నెలలే అవుతుంది, ప్రీమెడ్ కలిపి 54 చూపిస్తారు. ఫిలిప్పీన్స్‌లో ముందు చదివే బీఎస్ కోర్సును ఎన్‌ఎంసీ ఎంబీబీఎస్‌లో భాగంగా ఒప్పుకోలేదన్నది గుర్తుంచుకోండి. బెలీజ్‌లోని కొన్ని కాలేజీల్లో చేరవద్దని 2025లో ఎన్‌ఎంసీ పేర్లు పెట్టి మరీ హెచ్చరించింది. అయినా ఇలాంటి చోట్ల చేరమని ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

అమెరికాలోనే ఉండిపోతామంటే

"మాకు ఇండియా అక్కర్లేదు సార్, మా బావ డల్లాస్‌లో ఉన్నాడు" అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోసం ఈ భాగం.

అమెరికాలో డాక్టర్‌గా పని చేయాలంటే అక్కడి లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈలో స్టెప్ 1, స్టెప్ 2 పాసై, విదేశాల్లో చదివినవాళ్ల అర్హత చూసే ఈసీఎఫ్‌ఎంజీ సంస్థ సర్టిఫికెట్ తీసుకుని, రెసిడెన్సీ, అంటే ఆస్పత్రిలో జీతంతో చేసే శిక్షణ, సంపాదించాలి. రెసిడెన్సీ ఇచ్చే పద్ధతే మ్యాచ్. ఏటా మార్చిలో ఫలితం వస్తుంది. 2024, 2025 సంవత్సరాల్లో అమెరికా కాలేజీల ఎండీ సీనియర్లలో నూటికి 93 మందికి పైగా సీటు దొరికింది. విదేశంలో చదివిన అమెరికా పౌరుల్లో నూటికి 67 మందికి దొరికింది. విదేశంలో చదివిన, అమెరికా పౌరులు కాని వాళ్లలో నూటికి 58 మందికే దొరికింది.

గ్రెనడాలో చదివిన కర్నూలు అమ్మాయి ఇందులో ఏ గుంపు? మూడోది. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి యూఎస్‌ఎంఎల్‌ఈ రాసిన అమ్మాయి? ఆమె కూడా మూడోదే. ఒకరు రెండు కోట్లు పెట్టారు, ఒకరు ఏడాదికి వేలల్లో ఫీజు కట్టారు. లెక్కల్లో ఇద్దరూ ఒకే వరుసలో నిలబడతారు.

దీవి అమ్మాయికి ఒక లాభం మాత్రం ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. రెండేళ్లు అమెరికా ఆస్పత్రుల్లో పని చేసి ఉంటుంది, అక్కడి డాక్టర్లు రాసిన సిఫారసు లేఖలు చేతిలో ఉంటాయి. ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లు అదే అనుభవం కోసం కొన్ని నెలలు అబ్జర్వర్‌షిప్‌లు (డాక్టర్ల పక్కన నిలబడి చూసే అవకాశాలు) వెతుక్కోవాలి, సొంత ఖర్చుతో ఉండాలి. 2022 జనవరి నుంచి స్టెప్ 1 పాస్ ఫెయిల్ పరీక్షగా మారిపోయింది. అంతకుముందు మన పిల్లలు అందులో పెద్ద స్కోరు తెచ్చి ముందు వరుసలో నిలబడేవాళ్లు. ఇప్పుడు స్టెప్ 2 స్కోరు, లేఖలు, అమెరికా అనుభవం బరువెక్కాయి. ఈ ఒక్క కొలతలో దీవి కాలేజీ పైచేయే. రెండు కోట్ల తేడాకు అది సరిపోతుందా అంటే, నా లెక్కలో సరిపోదు.

కాలేజీలు చెప్పే "మా మ్యాచ్ శాతం 90 పైనే" అన్న మాటను కూడా విప్పి చూడాలి. ఆ లెక్కలోకి వచ్చేది మ్యాచ్‌కు దరఖాస్తు చేసేదాకా నిలబడినవాళ్లే. చాలా దీవి కాలేజీలు బేసిక్ సైన్సెస్ అయ్యాక తమ సొంత పరీక్ష ఒకటి పెడతాయి. అది దాటనివాళ్లను స్టెప్ 1 రాయనివ్వవు. మళ్లీ మళ్లీ తప్పితే బయటికి పంపేస్తాయి. తప్పుకున్నవాళ్లు ఆ శాతంలో కనిపించరు. అడగాల్సింది: అయిదేళ్ల కిందట చేరిన వంద మందిలో ఇవాళ రెసిడెన్సీలో ఎంతమంది ఉన్నారు? ఈ లెక్క కాగితం మీద ఇచ్చే కౌన్సెలర్ మా దగ్గరికి ఇంకా రాలేదు.

తర్వాత వీసా. రొటేషన్లకు వెళ్లేటప్పుడు ఒకసారి, రెసిడెన్సీకి ఇంకోసారి అమెరికా వీసా కావాలి. దీవిలో రెండేళ్లు చదివాక వీసా రాకపోతే మిగతా కోర్సు ఎక్కడ చేయాలి? రెసిడెన్సీకి ఎక్కువమంది వెళ్లేది జే-1 మీద. శిక్షణ అయ్యాక రెండేళ్లు సొంత దేశానికి రావాలి, లేదంటే డాక్టర్లు లేని ప్రాంతాల్లో పని చేస్తామని మినహాయింపు తెచ్చుకోవాలి. ఆ మినహాయింపులు ప్రతి రాష్ట్రానికీ ఏడాదికి 30 మాత్రమే. హెచ్‌-1బీ దారి ఉండేది. 2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, అంత పెట్టి రెసిడెంట్‌ను తీసుకునే ఆస్పత్రులు ఎన్ని ఉంటాయో మీరే ఊహించుకోండి.

డబ్బు

ఒక తండ్రి తెచ్చిన ఫీజు కాగితం గురించి చెబుతాను. పైన కొబ్బరి చెట్లు, నీలం సముద్రం, తెల్ల కోట్లలో నవ్వుతున్న పిల్లలు. కింద సెమిస్టర్ వారీగా ట్యూషన్ డాలర్లలో, పక్క గడిలో రూపాయల్లో. ఆ రూపాయలు డాలర్‌కు 75 చొప్పున కట్టారు. రెండో పేజీలో క్లినికల్ సెమిస్టర్లు ఉన్నాయి, అక్కడ రూపాయల గడి ఖాళీ. అడుగున చిన్న అక్షరాల్లో: హాస్టల్, భోజనం, ఇన్సూరెన్స్, పరీక్ష ఫీజులు, ప్రయాణాలు అదనం, ఫీజు ఏటా మారవచ్చు. ఆయన మొదటి పేజీ కింద మొత్తానికి పెన్నుతో రెండు గీతలు గీసుకుని వచ్చాడు. బనగానపల్లె దగ్గర పొలం అమ్మితే సరిపోతుందని లెక్క. రెండో పేజీ కలిపి, 85 చొప్పున కడితే ఆ మొత్తం రెండింతలు దాటింది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పేరున్న దీవి కాలేజీల్లో ట్యూషనే రెండున్నర లక్షల డాలర్లు దాటుతుంది. డాలర్‌కు 85 వేసినా రెండు కోట్ల పన్నెండు లక్షలు. డాలర్ ఒక్క రూపాయి పెరిగితే మీ మీద రెండున్నర లక్షలు పడతాయి. బ్యాంకు లోన్ ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతారు. చదువుకునేటప్పుడు కట్టక్కర్లేదన్నంత మాత్రాన వడ్డీ ఆగదు. అమెరికా రెసిడెంట్ జీతం ఏడాదికి 60–70 వేల డాలర్లు. పన్ను, ఇంటి అద్దె పోను మిగిలేదానితో ఇక్కడి లోన్ తీర్చడం మొదటి మూడేళ్లు కష్టమే. సొంత డబ్బు పంపితే ఏడాదికి పది లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు టీసీఎస్ (ముందస్తు పన్ను) పట్టుకుంటుంది. రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ, అప్పటికి చేతిలో ఆ డబ్బు ఉండాలి.

| దారి | ఖర్చు, ఉజ్జాయింపుగా | ఇండియాలో ప్రాక్టీస్ | అమెరికా దారి |
|---|---|---|---|
| కన్వీనర్ సీటు | ట్యూషన్ ఏడాదికి వేలల్లో | నేరుగా | యూఎస్‌ఎంఎల్‌ఈతో |
| ప్రైవేటు బీ కేటగిరీ | ఏడాదికి 13 లక్షల దగ్గర | నేరుగా | యూఎస్‌ఎంఎల్‌ఈతో |
| ప్రైవేటు ఎన్నారై కోటా | ఏడాదికి 40 లక్షల దగ్గర | నేరుగా | యూఎస్‌ఎంఎల్‌ఈతో |
| జార్జియా, కిర్గిజ్‌స్థాన్ వంటివి | మొత్తం 20–50 లక్షలు, దేశాన్ని బట్టి | స్క్రీనింగ్ పరీక్ష, మళ్లీ ఇంటర్న్‌షిప్ | కాలేజీ గుర్తింపును బట్టి |
| పేరున్న దీవి కాలేజీ | 2 కోట్ల పైన | ఇప్పటి నియమాల్లో కుదరదు | యూఎస్‌ఎంఎల్‌ఈతో, అమెరికా అనుభవం అదనపు బలం |

మూడో వరుస, అయిదో వరుస పక్కపక్కన పెట్టి చూడండి. ప్రైవేటు కాలేజీ ఎన్నారై కోటా కూడా అయిదేళ్లకు రెండు కోట్ల దాకా వెళ్తుంది. కళ్లు తిరిగే మొత్తమే, నేనేమీ దాన్ని మెచ్చుకోవట్లేదు. కానీ దాదాపు అదే డబ్బుకు వచ్చే డిగ్రీ ఇండియాలో చెల్లుతుంది, అమెరికాకూ దారి ఇస్తుంది. 2023లో మన ఎన్‌ఎంసీకి ప్రపంచ వైద్య విద్యా సమాఖ్య పదేళ్ల గుర్తింపు ఇచ్చింది, కాబట్టి ఈసీఎఫ్‌ఎంజీ దగ్గర గుర్తింపు గురించి భయపడాల్సింది లేదు. డల్లాస్ బావ దీవి ఫీజుకు సాయం చేయగలిగితే, ఎన్నారై స్పాన్సర్‌గా నిలబడగలడేమో ముందు అడగండి.

మిగతా దారులు

ఇంటి దగ్గరి సీటు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కర్నూలు మెడికల్ కాలేజీలో 250 సీట్లు. అనంతపురం, కడపలో ప్రభుత్వ కాలేజీలు ఉన్నాయి, 2023లో నంద్యాలకూ వచ్చింది. ఎస్వీ యూనివర్సిటీ పరిధి స్థానికత ఉన్నవాళ్లకు ఇవి సొంత బళ్లే. సీటు వస్తే మిగతా వ్యాసం చదవకుండా వెళ్లి చేరిపోండి.

సీటు కొద్దిలో తప్పినవాళ్లకు లాంగ్‌టర్మ్, అంటే ఇంకో ఏడాది నీట్ కోచింగ్, ఉంది. ఇది దాదాపు ప్రతి ఇంట్లోనూ గొడవే: "ఇంకో ఏడాది వృథా." నీట్‌కు వయసు పరిమితి గానీ, ఇన్నిసార్లే రాయాలన్న లెక్క గానీ లేదు. నిరుటి కటాఫ్‌కు 30, 40 మార్కుల దూరంలో ఆగిన పిల్లలకు ఒక ఏడాది చాలాసార్లు పని చేస్తుంది. 150 మార్కుల దూరంలో ఉన్నవాళ్లకు అదే ఏడాది ఉత్త ఒత్తిడి. ఫిజిక్స్‌లో ఎన్ని మార్కులు పోయాయో చూడండి. మా దగ్గర లాంగ్‌టర్మ్‌కు వెళ్లి గట్టెక్కిన పిల్లల్లో ఎక్కువమంది బయాలజీలో ముందే బాగా ఉండి, ఫిజిక్స్‌లో కూలబడినవాళ్లే.

జార్జియా, కజకిస్థాన్, కిర్గిజ్‌స్థాన్, ఉజ్బెకిస్థాన్ దారి మధ్యతరగతికి అందుబాటులో ఉన్న విదేశం. నీట్‌లో అర్హత మార్కు వస్తే చాలు. 2025లో జనరల్ కేటగిరీకి అది 720కి 144. వెళ్లడం తేలిక, తిరిగొచ్చాకే అసలు పరీక్ష. ఎఫ్‌ఎంజీఈలో 300 ప్రశ్నలకు 150 రావాలి, నెగెటివ్ మార్కులు లేవు. ఇటీవలి సెషన్లలో పాసైంది నూటికి ఇరవై అటూ ఇటూ, మంచి సెషన్‌లో ముప్ఫైకి దగ్గర. పైగా రోగులు మాట్లాడేది రష్యనో జార్జియనో. ఆ భాష రాని పిల్ల వార్డులో వెనక నిలబడి వస్తుంది. వెళ్లేవాళ్లు మొదటి ఏడాదే అక్కడి భాష నేర్చుకోవాలి, మూడో ఏడాది నుంచి ఎఫ్‌ఎంజీఈకి చదవాలి. ఆ పట్టుదల పిల్లలో కనిపిస్తే ఇది దీవి కన్నా వెయ్యి రెట్లు నయం, కనీసం ఇండియా తలుపు తెరిచే ఉంటుంది.

డాక్టర్ కావాలన్న కోరిక పిల్లదా, మీదా అన్నది కూడా ఒకసారి అడిగి చూడండి. ప్రొద్దుటూరులో వెటర్నరీ కాలేజీ ఉంది. బీడీఎస్, ఫిజియోథెరపీ, నర్సింగ్ ఉన్నాయి. బీఎస్సీ నర్సింగ్ చేసి ఐర్లండ్, ఇంగ్లండ్ వెళ్లిన పిల్లలు ఇప్పుడు ఇంటికి నెలనెలా డబ్బు పంపుతున్నారు.

ఎవరికి ఏది

అమెరికా పౌరసత్వం ఉన్న మేనకోడలికి, అక్కడే డిగ్రీ చదివి మెడికల్ సీటు రానివారికి పేరున్న దీవి కాలేజీ ఒక నిజమైన అవకాశమే. వీసా బెడద లేదు, మ్యాచ్‌లో నూటికి 67 ఉన్న గుంపులో ఉంటారు. కానీ వాళ్లు కూడా ఒకటి చూసుకోవాలి. 2026 జులై నుంచి కొత్తగా చేరేవారికి అమెరికా ప్రభుత్వ విద్యారుణం ఏడాదికి 50 వేలు, మొత్తం మీద 2 లక్షల డాలర్లకు మించి రాదు. దీవి ఖర్చు దానికి మించుతుంది, మిగతాది ప్రైవేటు అప్పే. అమెరికాలోనే డీవో (ఆస్టియోపతిక్ డాక్టర్ డిగ్రీ) కాలేజీలకు ఇంకోసారి ప్రయత్నించారా అని అడగండి.

ఇండియా పాస్‌పోర్టు, అమెరికా కల ఉన్న పిల్లకు నా సలహా ఇక్కడ ఎంబీబీఎస్ చదివి యూఎస్‌ఎంఎల్‌ఈ రాయడమే. బీ కేటగిరీ అయినా సరే.

గల్ఫ్‌లో ఉన్న తండ్రి, ఇక్కడ ఆస్తి పెద్దగా లేదు, పిల్ల నీట్ అర్హత దగ్గర ఆగింది అంటే ముందు ఇంకో ఏడాది, తర్వాతే మధ్య ఆసియా. దీవి ఆ లిస్టులోనే ఉండకూడదు.

ఊళ్లో సొంత నర్సింగ్ హోమ్ ఉండి, పిల్ల దాన్ని నడపాలన్నది ఆశ అయితే? ఇలాంటి ఇళ్లవాళ్లే దీవికి త్వరగా పడిపోతారు, డబ్బు ఉంటుంది కాబట్టి. వాళ్లకే అది అన్నిటికన్నా తప్పు ఎంపిక. పిల్ల ఎండీ అయి వచ్చినా తన ఇంటి ఆస్పత్రిలో ప్రిస్క్రిప్షన్ రాసే వీలుండదు.

కన్సల్టెన్సీకి వెళ్తే

మాటలు వద్దు, కాగితం మీద అడగండి. డిగ్రీ ఏ దేశం ఇస్తుంది, క్లినికల్ రొటేషన్లు ఏ దేశంలో, ఏ ఆస్పత్రిలో? ప్రీమెడ్ కాకుండా కోర్సు ఎన్ని నెలలు? ఎన్‌ఎంసీ 2021 నిబంధనల ప్రకారం ఇండియాలో రిజిస్ట్రేషన్‌కు అర్హత ఉందని కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసిస్తుందా? "ఎన్‌ఎంసీ అప్రూవ్డ్" అని బోర్డు పెట్టుకున్నవాళ్లను ఆ అప్రూవల్ చూపించమనండి. విదేశీ కాలేజీలను ఒక్కొక్కటిగా ఆమోదించే పని ఎన్‌ఎంసీ చేయదు. కాలేజీకి గుర్తింపు ఇచ్చిన సంస్థ ఏది, దానికి ప్రపంచ వైద్య విద్యా సమాఖ్య గుర్తింపు ఉందా? 2024 నుంచి ఈసీఎఫ్‌ఎంజీ ఈ వివరం చూపిస్తోంది. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి వస్తుంది? చేరిన వందమందిలో రెసిడెన్సీ దాకా వెళ్లింది ఎందరు?

ఇక్కడి కౌన్సెలింగ్ ఇంకా నడుస్తుండగానే "ఈ వారంలో సీటు బ్లాక్ చేయకపోతే పోతుంది" అని అడ్వాన్స్ అడుగుతారు. రాష్ట్ర కోటా చివరి రౌండ్, ఆ తర్వాత మిగిలిన సీట్లకు జరిగే స్ట్రే రౌండ్ అయ్యేదాకా ఆగండి. చివర్లో ప్రైవేటు కాలేజీ సీట్లు ఖాళీ అయి, ఎవరూ ఊహించని ర్యాంకులకు దిగిన సందర్భాలున్నాయి. అప్పటిదాకా టెన్త్ మెమో, ఇంటర్ మెమో ఒరిజినళ్లు మాత్రం "ప్రాసెసింగ్ కోసం" అని అడిగినా ఎవరి చేతికీ ఇవ్వకండి. అవి లేకుండా యూనివర్సిటీ వెరిఫికేషన్‌కు వెళ్లలేరు.